భామ జడ, భాగవతుల మొక్కు

కూచిపూడి భాగవతుల సంప్రదాయంలో కవికీ పాత్రకూ, పాత్రకూ నటుడికీ నడుమ ఉన్న బంధం ఒక మొక్కుగా స్థిరపడింది. భామాకలాప కర్త సిద్ధేంద్రయోగి, ఆ ఊరి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని పరంపరాగత కథనం. ఆయన 17వ శతాబ్దపువాడన్న అభిప్రాయమే ఎక్కువగా వినవస్తుంది. భగవంతుణ్ణి నాయకుడిగా, తనను నాయికగా భావించుకొనే మధురభక్తి మార్గంలో సత్యభామ కవి స్వయంగా తొడుక్కున్న రూపం కనుక, కలాపంలో వినిపించే విరహం పాత్రదా కవిదా అన్నది మొదటినుంచీ తేలని విషయమే.

మొక్కులో భక్తి కనిపిస్తే, జడలో వృత్తిగర్వం కనిపిస్తుంది. ఇద్దరు పట్టుకున్న తెర వెనుక నిలిచిన నటుడు, సవరం కలిపి అల్లి, బిళ్లలూ కుప్పెలూ తొడిగిన పొడవాటి జడను తెర మీదుగా సభ వైపు వేస్తాడు. విద్యలో తనను ఓడించగలవారుంటే వచ్చి ఆ జడ కోయవచ్చునని దాని అర్థం. ఈ సవాలు నిజానికి ద్వారకలోని భామది కాదు, వేషం లోపలి విద్వాంసుడిది. అయినా గర్వం లేని భామ భామే కాదు గనుక నటుడి అతిశయం పాత్ర స్వభావంలో కలిసిపోతుంది. పాత్ర తన పేరూ గొప్పా తానే చెప్పుకుంటూ రంగం మీదికి వచ్చే పాటను ప్రవేశదరువు అంటారు. ఆ తరువాత సూత్రధారుడే చెలికత్తె మాధవిగా మారి మొగుడి పేరు చెప్పమని ఏడిపిస్తుంటే, అంతసేపు జడ విసిరి సవాలు చేసిన మనిషే ఆ పేరు నోట రాక సిగ్గుతో తలవంచుకోవాలి. భామ వేషానికి అసలు పరీక్ష ఇక్కడే.

ఆ పరీక్షలో నెగ్గినవారిలో వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) పేరు భామ పేరుతో విడదీయరాకుండా కలిసిపోయింది. ఆయనకు 1970లో పద్మశ్రీ లభించింది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో నెలకొల్పిన అకాడమీ వంటి సంస్థల ద్వారా ఆ వేషం స్త్రీలకు అందిందంటారు గాని, గోదావరి ప్రాంతపు కళావంతుల స్త్రీలు అంతకు చాలా ముందే తమ సొంత బాణీలో భామాకలాపం ఆడారన్న సంగతి ఆ మాటలో మరుగున పడుతుంది.

కూచిపూడి వెలుపల, పద్యనాటక రంగంలో, నటుడే కవి చోటు కొంత ఆక్రమించాడు. ముత్తరాజు సుబ్బారావు రచించిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా పేరుపొందిన స్థానం నరసింహారావు, నాటకకర్త ఇచ్చిన మాటలతో తృప్తిపడక ఆ పాత్ర కోసం తానే ఒక పాట కట్టుకున్నాడు. ఒక మగవాడు తన గొంతుకూ తన నడకకూ సరిపడేలా అల్లుకున్న ఆ పాటే 1966 నాటి చలనచిత్రంలో ఎస్. జానకి గొంతులో వినిపించగా, జమున భామగా అభినయించింది.