మాంట్సెరాట్‌లో మార్చి 17

మాంట్సెరాట్‌లో దిగినవారి పాస్‌పోర్టు మీద మూడాకుల షామ్‌రాక్ ముద్ర వేస్తారు. అది ఐర్లండ్ గుర్తు. కరీబియన్‌లోని ఈ బుల్లి బ్రిటిష్ దీవికి 1630లలో పక్కనున్న సెయింట్ కిట్స్ నుంచి ఐరిష్ క్యాథలిక్కులు వలస వచ్చారు. స్వదేశంలో ఇంగ్లీషువాళ్ల చేతిలో నలిగినవాళ్లు. అయినా చెరకు తోటలు చేతికొచ్చాక వాళ్లలో చాలామంది ఆఫ్రికన్లను కొని బానిసలుగా పెట్టుకున్నారు. ఈ సంగతి దాటేసి, మార్చి 17న అక్కడ జరిగే ఐరిష్ సాధువు సెయింట్ పాట్రిక్ పండగ గురించి రాయడానికి నాకు మనసొప్పదు.

1768 మార్చి 17న దొరలంతా పండగ విందులో మునిగి ఉంటారు కనుక తిరగబడడానికి అదే అదనని బానిసలు తలచారు. గవర్నమెంట్ హౌస్‌లో వడ్డించేవాళ్లు దొరల కత్తులు లాక్కోవాలి. బయటివాళ్లు చేతికందిన రాయో కర్రో పట్టుకుని మీదపడాలి. కానీ గుట్టు ముందే పొక్కింది. నాయకుల మాటలు ఒక కుట్టుపనిచేసే మనిషి చెవిన పడ్డాయని దీవిలో చెప్పుకుంటారు. తొమ్మిది మందిని ఉరితీశారు. కడ్జో అనే అతని తల నరికి బూరుగు చెట్టుకు వేలాడదీశారట. ఆ చోటిని నేటికీ కడ్జో హెడ్ అనే పిలుస్తారు.

హోవర్డ్ ఫెర్గస్ వంటి స్థానిక చరిత్రకారులు ఈ కథను వెలికితీశాక, 1985 నుంచి ఆ రోజు సెలవు. ఇప్పుడు వారం పైనే ఉత్సవం. లవంగాలు వేసిన మేకమాంసం పులుసు, 'గోట్ వాటర్', కట్టెల పొయ్యి మీద ఉడుకుతుంది. పిల్లనగ్రోవి, డప్పుల వెంట మాస్కరేడ్ ఆటగాళ్లు వస్తారు: ఎత్తయిన టోపీలు, రంగు రిబ్బన్లు, ముఖాన రంగులద్దిన తీగవల ముసుగులు. వేసే అడుగులు దొరల నాట్యానివి. చేతిలో ఛెళ్లుమనే కొరడా. ఒకప్పుడు అది ఎవరి చేతిలో ఉండేదో చూసేవాళ్లందరికీ తెలుసు.

1995లో సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం బద్దలవడం మొదలై, తర్వాత రాజధాని ప్లిమత్ బూడిదలో కూరుకుపోయింది. జనంలో మూడింట రెండొంతులు వలసపోయారు. దక్షిణాన ఉన్న సెయింట్ పాట్రిక్స్ ఊరూ ఖాళీ అయింది. పండగ ఉత్తరానికి తరలింది.

పండగ రోజు కట్టే ఆకుపచ్చ, తెలుపు, నారింజ గళ్ల గుడ్డను అక్కడ 'మద్రాస్' అంటారు. మాది చీరాల. మద్రాసు రుమాళ్లు నేసిన మగ్గాల ఊరు. కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కిన గళ్ల గుడ్డలు కరీబియన్ దీవుల్లో బానిస స్త్రీలకు తలగుడ్డలయ్యాయి. మన తీరపు బట్టలే ఆఫ్రికా రేవుల్లో మనుషులను కొనడానికి మారకంగానూ చెల్లాయి. చేనేత గొప్పదనం పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులు ఈ సంగతి కూడా చెప్పాలని నా మనవి.