అంబాసిడర్ 1489 సీసీ, నా కారు 999 సీసీ: పలాస రోడ్డు మీద టర్బో పెట్రోల్ కథ

ఇవాళ నా వెనకాల కనిపిస్తున్నది స్టూడియో కాదు, కాశీబుగ్గ దాటి ఉద్దానం వైపు వచ్చే రోడ్డు పక్కన జీడితోట. కారు నాదే. స్కోడా స్లావియా, 1.0 టీఎస్ఐ, మాన్యువల్ గేర్. 2023 చివర్లో కొన్నా. "అన్నా, రివ్యూ ఎప్పుడు?" అని అడుగుతూనే ఉన్నారు. చేస్తా. కానీ ముందు ఒక పాత రాత్రి గురించి చెప్పాలి. అది వింటేనే ఈ కారు ఎందుకు కొన్నానో అర్థమవుతుంది.

2010 ప్రాంతం. నేను స్కూల్లో ఉన్నా. మా పెదనాన్నకి కిడ్నీ జబ్బు. ఉద్దానం వాళ్లకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు, ప్రతి వీధిలో ఒక ఇల్లు ఉంటుంది. ఒక రాత్రి ఆయనకి ఊపిరి ఆడటం లేదు. వైజాగ్ తీసుకెళ్లాలి. దొరికింది టెక్కలి నుంచి వచ్చిన ఒక డీజిల్ అంబాసిడర్. ముందు సీట్లో నేను, నాన్న ఇరుక్కుని కూర్చున్నాం. వెనక పెద్దమ్మ ఒళ్లో పెదనాన్న తల. ఆ బండి 80 దాటితే డోర్లు మాట్లాడేవి. గ్రానైట్ లారీ ఒకటి అడ్డొస్తే దాన్ని దాటడానికి డ్రైవర్ గారు ముందు వెనక్కి తగ్గి, మళ్లీ ఊపు తెచ్చుకుని, గేరు మార్చి, పక్కకి వచ్చేవారు. లారీ పక్కనే ఎంతసేపు నడిచామో నాకింకా గుర్తుంది. దాని చక్రాలు నా కిటికీ ఎత్తున తిరుగుతున్నాయి. ఆ రాత్రి గండం గడిచింది. నాలుగేళ్ల తర్వాత పెదనాన్న పోయారు.

ఇంజినీరింగ్ చదివాక తెలిసింది, తప్పు డ్రైవర్‌ది కాదని. ఆ డీజిల్ ఇంజిన్ 1489 సీసీ. పవరు 37 హార్స్‌పవర్. దాని మూలం బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బీ సిరీస్, అంటే 1940ల చివరి, 50ల నాటి డిజైన్. అదే సీసీలో పెట్రోల్ అంబాసిడర్ కూడా యాభై చిల్లరే ఇచ్చేది. ఇప్పుడు స్లావియాలోనే 1.5 టర్బో ఇంజిన్ చూడండి: 1498 సీసీ, 150 పీఎస్. సిలిండర్ల సైజు దాదాపు అదే, పవరు మూడింతలు. నాది అంతకన్నా చిన్నది, 999 సీసీ, మూడే సిలిండర్లు, 115 పీఎస్. మధ్యలో ఏం జరిగింది?

జరిగింది గాలి. ఇంజిన్‌లో పెట్రోల్ ఎంత పోసినా, దాన్ని కాల్చడానికి సరిపడా గాలి లేకపోతే వేస్ట్. మామూలు ఇంజిన్ తనంతట తాను ఎంత పీల్చుకుంటే అంతే. సైలెన్సర్ వైపు బయటికి పోయే వేడి పొగతో ఒక ఫ్యాన్ తిప్పి, దాని ఇరుసుకే ఇంకో ఫ్యాన్ కట్టి, బయటి గాలిని బలవంతంగా లోపలికి తోస్తే? ఈ ఐడియాకి స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. మొదట బాగా పనికొచ్చింది కార్లలో కాదు, 1920ల్లో ఓడల డీజిల్ ఇంజిన్లలో. మన సోంపేట, కవిటి వైపు నుంచి మర్చంట్ నేవీలో ఉన్న అన్నలు ఇంజిన్ రూమ్‌లో రోజూ చూసేది ఆ వంశమే.

కార్లలోకి వచ్చింది 1962లో, అమెరికాలో. షెవర్లే కార్వెయిర్ ఒకటి, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ ఇంకొకటి. జెట్‌ఫైర్ కథ నాకు భలే ఇష్టం. టర్బో తోసిన గాలి వేడెక్కి ఇంజిన్ 'నాకింగ్' కొట్టకుండా, నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం వేరే ట్యాంకులో పోయాలి. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని పేరు. జనం పోయడం మర్చిపోయారు! చాలామంది చివరికి టర్బోనే పీకించేసుకున్నారు. రెండేళ్లకే ఆ కారు ఆగిపోయింది. టర్బోని రోజూ నడిపే ఫ్యామిలీ కారులో నమ్మకంగా కూర్చోబెట్టింది 1970ల చివర్లో వచ్చిన స్వీడన్ కంపెనీ సాబ్ 99 టర్బో.

మన దేశంలో మాత్రం చాలాకాలం టర్బో అంటే డీజిలే. కారణం ఇంజినీరింగ్ కన్నా రేటు. డీజిల్ మీద ప్రభుత్వం ధర పట్టి ఉంచేది. పెట్రోల్ ధర 2010 జూన్‌లో వదిలేశారు, డీజిల్‌ని పూర్తిగా వదిలింది 2014 అక్టోబర్‌లో. ఆ నాలుగేళ్లు పెట్రోల్ కారు కొన్నవాడిని పెళ్లిలో కూడా ఓదార్చేవాళ్లు. 2004లో స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 1.8 టర్బో పెట్రోల్‌తో, 150 పీఎస్‌తో వచ్చింది గానీ అది డబ్బున్నవాళ్ల బొమ్మ. 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ వచ్చాక కాలేజీ కుర్రాళ్ల వాల్‌పేపర్లలోకి ఎక్కింది. నా ల్యాప్‌టాప్‌లో కూడా ఉండేది.

అసలు మలుపు 2020 ఏప్రిల్ 1. బీఎస్6 రూల్. చిన్న డీజిల్ ఇంజిన్‌ని శుభ్రం చేయాలంటే ఖర్చు తడిసి మోపెడు. మారుతీ డీజిల్ మానేసింది, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కూడా మానేశాయి. అదే ఏడాది స్కోడా ర్యాపిడ్‌లో 1.6 పెట్రోల్ తీసేసి 1.0 టర్బో పెట్టారు. సీసీ తగ్గింది, పవరు 105 నుంచి 110కి పెరిగింది. షోరూముల్లో "వెయ్యి సీసీనా? అది ఆల్టో ఇంజిన్ కదండీ" అనేవాళ్లు. మా నాన్న కూడా అదే అన్నారు. 2022లో ర్యాపిడ్ స్థానంలో స్లావియా, వెంటో స్థానంలో వర్టస్ వచ్చాయి. 2023 మార్చిలో కొత్త హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బోతో 160 పీఎస్ తెచ్చింది. అందరూ 1500 సీసీ లోపలే ఎందుకు ఆగారంటే, అప్పటి జీఎస్టీలో ఆ గీత దాటితే సెస్ 17 నుంచి 20 శాతానికి పెరిగేది. మన ఇంజిన్ల సైజు సగం ఇంజినీర్లు, సగం పన్నుల శాఖ గీశారు.

ఇప్పుడు పోలిక. హోండా సిటీ 1.5, టర్బో లేదు, 121 పీఎస్. కాగితం మీద నా కారు కన్నా ఎక్కువే. కానీ టార్క్ చూడండి: సిటీకి 145 ఎన్ఎం, అదీ 4300 ఆర్‌పీఎం దగ్గర. నా దాంట్లో 178, 1750 దగ్గరే మొదలు. హైవే మీద లారీ వెనక నాలుగో గేరులో ఉన్నాననుకోండి, సిటీలో అయితే మూడుకి దించి ఇంజిన్‌ని అరిపించాలి. ఇందులో కాలు నొక్కితే చాలు, లారీ చక్రం కిటికీ పక్కన ఉండేది రెండు మూడు సెకన్లు. నాకు కావలసింది ఆ సెకన్లే. వెర్నా టర్బో 253 ఎన్ఎంతో ఇంకా దూకుతుంది, వెనక సీటు కూడా విశాలం. డబ్బుంటే అదే తీసుకునేవాణ్ణి, దాచడం దేనికి?

ఊళ్లోకి వచ్చాక సీన్ రివర్స్. వజ్రపుకొత్తూరు వైపు రోడ్లలో ఆవులు, స్పీడ్ బ్రేకర్లు, ఆరబోసిన జీడిగింజలు. రెండో గేరులో 1500 కింద టర్బో నిద్రపోతుంది, ఫస్ట్‌కి దించాల్సిందే. అక్కడ సిటీ వెన్నలా నడుస్తుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 179 మిల్లీమీటర్లు అని బ్రోషర్‌లో ఉంటుంది, అది ఖాళీ కారుకి. 521 లీటర్ల డిక్కీలో కొబ్బరికాయల బస్తాలు వేసి, నలుగురు ఎక్కితే మా ఊరి స్పీడ్ బ్రేకర్ కింద గీసి సంతకం పెడుతుంది. మైలేజ్ హైవేలో తొంభై మీద 18, 19 వస్తోంది. ఊళ్లో 11. కాలు బరువైతే అదీ రాదు.

కారు ఇంటికొచ్చాక కొద్ది రోజులకే, 2023 డిసెంబర్ 14న, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. ఆ తర్వాతి ఏడాది నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఈ వీడియోల్లోకి వచ్చా. జీతం ఆగింది, ఈఎంఐ ఆగలేదు. నాన్న లెక్క సూటిగా ఉంటుంది: "ఆసుపత్రి పలాసలోనే వచ్చీసింది గదరా. ఇంకా వైజాగ్ పరుగెందుకు? ఈ కారు అమ్మీరా బాబూ." తిత్లీలో కొబ్బరిచెట్లు పోయిన మనిషి, అప్పు అంటే ఏమిటో ఆయనకి నాకన్నా తెలుసు. ఆయన మాటలో తప్పు లేదు.

కానీ పోయిన నెల ఆయన రిపోర్టులో క్రియాటినిన్ కాస్త పెరిగింది. ఇంకో డాక్టర్‌కి కూడా చూపిద్దామని వైజాగ్ బయల్దేరాం. మడపాం టోల్ దాటాక ఒక ట్రాలీ అడ్డొచ్చింది. గేరు మార్చకుండా దాటేశా. నాన్న పక్కకి చూశారు, మీటర్ వైపు చూశారు.

"వెయ్యి సీసీయేనేట్రా?" అన్నారు.

అవునన్నా. ఇంకేం అనలేదు. శ్రీకాకుళం వచ్చేలోపు నిద్రపోయారు.