కీటకాల గుర్తింపు

కీటకాన్ని గుర్తుపట్టే పని కాళ్లు లెక్కపెట్టడంతో మొదలవుతుంది. పెరిగిన కీటకానికి ఆరు కాళ్లు, తలమీద ఒక జత మీసాలు ఉంటాయి. దేహం తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు. కాళ్లూ, ఉంటే రెక్కలూ రొమ్ముకే అతికి ఉంటాయి.

తెలుగులో పురుగు అనే మాటకు ఈ హద్దులు లేవు. తొలకరికి నేలమీద ఎర్ర మఖమలు ముక్కలా పాకే ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు, మీసాలు లేవు. అది సాలీడు, తేలు ఉన్న వర్గంలోది. బెండ, వంగ ఆకుల అడుగున చేరే ఎర్రనల్లి కూడా అంతే. మంచంలో నల్లితో దానికి పేరు పొత్తే తప్ప చుట్టరికం లేదు. రైతుకు ఇది మందుల ఖర్చుతో ముడిపడిన తేడా: కీటకాలను చంపే మందులు చాలావాటికి ఎర్రనల్లి లొంగదు. జెర్రి, రోకలిబండ సంగతి సులువు, వాటి కాళ్లు పూర్తిగా లెక్కపెట్టే పని కూడా ఉండదు.

కాళ్ల తర్వాత రెక్కలు. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో వెలువడిన ‘సిస్టమా నాచురే’ పదో కూర్పులో ప్రధానంగా రెక్కలను బట్టే కీటకాలను ఏడు క్రమాలు చేశాడు. రెక్కలు లేనివాటిని ఒకే మూట కట్టడంతో పేనుతో పాటు సాలీడూ పీతా అందులో చేరిపోయాయి. ఆయన శిష్యుడు, డెన్మార్క్‌కు చెందిన ఫాబ్రీషియస్, 1775లో నోటి నిర్మాణాన్ని ఆధారం చేసుకున్నాడు. రెక్కల లెక్క మాత్రం నిలిచింది. ముందు రెక్కలు డొప్పల్లా గట్టిపడి వీపు మధ్య తిన్నని గీతగా కలిస్తే అది పెంకు పురుగు, అంటే కోలియాప్టెరా. రెక్క పట్టుకున్న వేలికి పొడి అంటితే సీతాకోకచిలుకల లెపిడాప్టెరా. ఆ పొడి నిజానికి సన్నని పొలుసులు. ఈగ, దోమలకు ఒక్క జత రెక్కలే. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి బొడిపెలు ఉండి, ఎగిరేటప్పుడు తూకం నిలుపుతాయి. ఇవి డిప్టెరా.

మరి వరిలో సుడిదోమ, పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ? మూడింటిలో ఒక్కటీ దోమ కాదు. రెండు జతల రెక్కలతో, సూదిలాంటి నోటితో ఆకు రసం పీల్చే హెమిప్టెరా ఇవి. సుడిదోమను భూతద్దం కింద వెల్లకిలా తిప్పితే వెనక కాలి పిక్క కొసన కదిలే పెద్ద ముల్లు కనిపిస్తుంది. పచ్చదోమకు ఆ ముల్లు ఉండదు, పిక్క పొడవునా దువ్వెన పళ్లలా ముళ్ల వరసలు ఉంటాయి.

వాన వెలిసిన సాయంత్రం దీపం చుట్టూ మూగే ఉసిళ్లను రెక్కల చీమలనుకునేవారు ఉన్నారు. చీమ మీసం మోచేతిలా వంగుతుంది, నడుము సన్నం, ముందు రెక్కలు వెనకవాటికంటే పెద్దవి. ఉసిలి మీసం పూసల పేరులా ఉంటుంది, దానికి నడుమన్నదే లేదు, నాలుగు రెక్కలూ ఇంచుమించు ఒకే కొలత. తెల్లారి గుమ్మంలో మిగిలిన రెక్కలు చూసినా చాలు. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలే. రెక్కల సమానతను బట్టే చెదలకు ఐసాప్టెరా అనే క్రమం ఉండేది. డీఎన్ఏ పరిశీలనల తర్వాత వాటిని బొద్దింకల క్రమంలో కలిపారు.

గొంగళి దశలో రెక్కల ఆనవాలు పనికిరాదు. 2018లో కర్ణాటకలో బయటపడి తెలుగు రాష్ట్రాల మొక్కజొన్నకూ పాకిన కత్తెర పురుగును తలమీది తిరగేసిన ‘వై’ గుర్తుతో, తోక దగ్గర చతురస్రంగా అమరిన నాలుగు నల్లని చుక్కలతో పోల్చుకుంటారు. అదే రెక్కల పురుగయ్యాక దగ్గరి జాతులతో కలగాపులగమవుతుంది. అప్పుడు జననాంగాలను కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు.