ఇల్లు విడిచిన లక్ష్మి

గురువారాన్ని ఉత్తరాంధ్రలో లక్ష్మివారం అంటారు. మార్గశిర మాసంలో వచ్చే లక్ష్మివారాలు అక్కడి ఆడవాళ్లకి పెద్ద పండుగ. విశాఖపట్నం బురుజుపేటలో కనకమహాలక్ష్మి గుడి ఆ నెలంతా కిటకిటలాడుతుంది. కులంతో పనిలేకుండా భక్తులే అమ్మవారిని స్వయంగా తాకి పూజించుకోవడం అక్కడి ఆచారం. ఒడిశాలోనూ అదే నెల, అదే వారం, అదే దేవత. వాళ్లు ఆ పూజని ‘మాణబసా గురుబార’ అంటారు. కొత్త వడ్లు నింపిన కొలపాత్రనే లక్ష్మిగా నిలబెట్టి పూజిస్తారు. వేళ ఒక్కటే గానీ, రెండుచోట్లా చెప్పుకునే కథలు వేరు. ఆ తేడాలో స్త్రీల చరిత్ర ఒకటి దాగి ఉందని నాకనిపిస్తుంది.

అసలు లక్ష్మి అంటే ఏమిటి? ఋగ్వేదం పదో మండలంలో ఆ మాట దేవత పేరు కాదు. గుర్తు, లక్షణం అని దాని అర్థం. అథర్వవేదంలో మనిషితోపాటే నూటొక్క లక్ష్ములు పుడతాయి. వాటిలో మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. ఋగ్వేదానికి తర్వాత చేరిన శ్రీసూక్తానికి వచ్చేసరికి ఈ మంచీ చెడూ ఇద్దరు స్త్రీలయ్యాయి. శ్రీని ఇంట్లోకి పిలవాలి, జ్యేష్ఠని, అంటే అలక్ష్మిని, వెళ్లగొట్టాలి. కోడలు కాలుపెట్టిన వేళావిశేషం లెక్కకట్టే ఇళ్లల్లో ఈ విభజన ఇప్పటికీ బతికే ఉంది. కలిసొస్తే ఆమె మహాలక్ష్మి, కలిసిరాకపోతే దరిద్రదేవత. అప్పు చేసింది ఎవరు, పంట ఎందుకు పోయింది అని ఎవరూ అడగరు.

మన మార్గశిర లక్ష్మివారం కథ ఈ దారిలోనే నడుస్తుంది. నేను విన్న రూపంలో, సవతితల్లి దగ్గర పెరిగే పిల్ల మట్టితో లక్ష్మి బొమ్మ చేసుకుని పూజిస్తుంది. పెళ్లయి అత్తారింటికి బొమ్మని తీసుకుపోగానే పుట్టిల్లు దరిద్రమైపోతుంది. సవతితల్లి కూతురింటికి వచ్చి నోము పట్టబోతే ప్రతివారం ఏదో ఒక తప్పు. ఒకవారం పిల్లలతోపాటు ఇంత తినేస్తుంది, ఇంకోవారం తలకి నూనె రాసుకుంటుంది. దాంతో వ్రతం చెడిపోతుంది. ఇల్లు నిలవాలంటే ఆమె ఒంటిమీద, నోటిమీద, జుట్టుమీద కాపలా ఉండాలన్నమాట. ఈ కథలో లక్ష్మి ఆడవాళ్ల పనికి వంకలు పెట్టే పెద్ద అత్తగారిలా ఉంటుంది. పాపం, ఆ ఇంటి మగాడికి ఏ నియమమూ లేదు!

ఒడియా కథని పదహారో శతాబ్దపు కవి బలరామదాసు ‘లక్ష్మీ పురాణం’గా రాశాడు. పంచసఖులనే భక్తకవుల్లో ఆయన ఒకడు. మార్గశిర గురువారం తెల్లవారకముందే లక్ష్మి పూరీ వీధుల్లోకి వస్తుంది. పెద్దిళ్లు ఇంకా నిద్రలోనే ఉంటాయి. ఊరిచివర శ్రియా అనే చండాల స్త్రీ మాత్రం ఇల్లలికి, ముగ్గుపెట్టి పూజ చేస్తూ కనిపిస్తుంది. లక్ష్మి ఆమె ఇంట్లోకి వెళుతుంది. అది చూసి బలభద్రుడు ఆమెని గుడిలోంచి పంపెయ్యమని పట్టుబడతాడు. జగన్నాథుడు అన్న మాట దాటలేక భార్యని పొమ్మంటాడు. లక్ష్మి నగలు తీసి ఇచ్చేస్తుంది. పోషణకి ఉంచుకోమన్నా పుచ్చుకోదు. చండాల స్త్రీ వండిపెట్టేదాకా అన్నం పుట్టదని శపించి వెళ్లిపోతుంది. గుడి కొట్టూ వంటిల్లూ ఖాళీ చేయిస్తుంది. అన్నదమ్ములు పన్నెండేళ్లు బిచ్చమెత్తి చివరికి ఆమె గుమ్మంలోనే చెయ్యి చాపుతారు. పూరీలో చండాలుడు మొదలు బ్రాహ్మణుడి దాకా అందరూ ఒకరి చేతి ప్రసాదం ఒకరు తినాలనే షరతు మీదే ఆమె తిరిగి వస్తుంది.

ఈ పురాణాన్ని స్త్రీవాద గ్రంథం అనేసి ఊరుకోలేం. శ్రియా ఇంటికి లక్ష్మి రావడానికి కారణం ఆమె శుభ్రతా, వేకువనే లేవడమూ. మంచి ఇల్లాలి కొలబద్ద ఇక్కడా మారలేదు. దళిత స్త్రీ గౌరవం పొందాలంటే పెద్దకులాల స్త్రీ కంటే శుచిగా ఉండి చూపించాలి. లక్ష్మి పెట్టిన షరతు కూడా గుడి గడప దాటలేదు. కథ పుట్టిన కొన్ని శతాబ్దాలకి, 1934లో, అస్పృశ్యత మీద గాంధీ పాదయాత్ర ఆ పూరీ నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది.

అయినా ఈ కథ ఒక విషయం దాచకుండా చెప్పింది. లక్ష్మి భరణం వద్దనగలిగింది ఎందుకు? కొట్టు ఆమెది కాబట్టి. ఆమె నడిచిపోతే ఇల్లు ఆకలితో మాడుతుంది గానీ ఆమె మాడదు. మన ఇళ్లల్లో లక్ష్ములకి ఆ వీలేదీ? ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అదీ అప్పటికే పెళ్లయిన వాళ్లని వదిలేసింది. ఆ తేడాని తీసేసి దేశమంతటా హక్కు ఇవ్వడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అనే తగువు 2020లో సుప్రీంకోర్టు అక్కర్లేదని చెప్పేదాకా నడిచింది. చట్టం వచ్చాక కూడా పసుపు కుంకుమల కింద ఓ చీర పెట్టి, హక్కు వదులుకున్నట్టు సంతకం చేయించుకునే అన్నదమ్ములకి కొదవలేదు. సంతకం పెట్టనన్న ఆడపడుచుకి వెంటనే పేరు మారుతుంది. నిన్నటిదాకా లక్ష్మి, ఇవాళ జ్యేష్ఠ.

నోములు మానమని నేను చెప్పడంలేదు. మార్గశిరంలో ఆడవాళ్లు నలుగురు కూర్చుని అక్షింతలు పట్టుకునే ఆ కాసేపూ వాళ్లదే. ఆ కాసేపట్లో సవతితల్లి నూనె రాసుకున్న కథతోపాటు, నగలు తీసిచ్చి కొట్టు తాళం పట్టుకుపోయిన లక్ష్మి కథ కూడా చెప్పుకోవచ్చు కదా!