కుళ్లిన మొద్దు మీది గొడుగుకి పేరెవరు పెట్టారు?



వానలు పడ్డాక కుప్పం అడవుల్లో పడిపోయిన చెట్ల మొద్దులు చూడండి. చెక్కలా గట్టివి, చెవిలా మెత్తటివి, చిన్న విసనకర్రలా తెల్లగా విచ్చుకునేవి. పుట్ట మీద పుట్టకపోయినా అన్నిటినీ మనం పుట్టగొడుగులనే అంటాం. మన పెద్దోళ్లు అట్లా కలిపెయ్యరు. ఏ చెట్టు మొద్దు, ఎన్ని వానలకు లేచింది, వాసనేంది అని చూస్తారు.

పుస్తకాల దారి వేరు. ఆ విసనకర్ర లాంటిదానికి షైజోఫిల్లమ్ కమ్యూన్ అని 1815లో పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త ఫ్రైస్. ఆ కాలంలో వేడి దేశాల అడవుల నుంచి ఎండబెట్టిన నమూనాలు ఓడల్లో యూరప్ చేరేవి. చెక్కలాంటివి నెలల ప్రయాణం తట్టుకున్నాయి. మెత్తటివి రంగు, వాసన, ఆకారం పోగొట్టుకున్నాయి. మనం తినేవి ఎక్కువగా మెత్తటివే కదా! 1931లో బట్లర్, బిస్బీ మన దేశపు శిలీంధ్రాల జాబితా అచ్చువేశారు. వండుకు తినేవాళ్ల మాట చెప్పడం ఆ జాబితా పని కాదు.

తెలిసినవాళ్లను అడిగే కాలమూ కాదది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలోకి అడుగుపెట్టడమే నేరమైంది. 1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చి ఎరుకలవాళ్ల మీద పడింది. కుప్పం అప్పుడు కంగుంది జమీ. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం వచ్చింది. పెత్తనం చేతులు మారింది, అంతే.

2006 అటవీ హక్కుల చట్టం చదివితే ఇంకో చిత్రం. చిన్నతరహా అటవీ ఫలసాయం అంటే 'వృక్షజాతి నుంచి వచ్చేవి' అని, వెదురు, తేనె, దుంపలతో పాటు చెట్ల మొద్దుల్నీ పేరు పెట్టి రాశారు. మొద్దు మీది గొడుగు పేరు లేదు. శాస్త్రమేమో 1969 నుంచి శిలీంధ్రాలను వృక్షాల నుంచి వేరు చేసింది! 'వగైరా'లో వస్తుందని మనం వాదించొచ్చు, కానీ వాదనకి రాత కావాలి.

అందుకే కుప్పం, పుంగనూరు, మదనపల్లె పిల్లలం రాసుకుందాం. ఏ చెట్టు, ఏ నెల, కిందివైపు మొప్పలా, సన్న రంధ్రాలా. గొడుగును రాత్రంతా కాగితం మీద బోర్లిస్తే రాలే సిద్ధబీజాల పొడి రంగు. అవ్వ తన భాషలో పిలిచే పేరు, అవ్వ చెప్పినట్టే. ఫోన్‌లో ఫొటో చూసి మాత్రం ఎవరూ తినొద్దు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదనే మాటా నమ్మొద్దు.