పేరు మనది, వేలు మనది



ముందుగా ఒక ప్రశ్న. మన ఊరి ఓటరు జాబితాలో ఇవాళ మీ పేరు ఉందా? "ఉండే ఉంటుందిలే" అనుకునేవాళ్ళమే మనలో ఎక్కువ. ఆ జాబితాలోకి ఆడవాళ్ళ పేర్లు ఎంత కష్టపడి ఎక్కాయో తెలిస్తే మాత్రం అలా వదిలేయబుద్ధి కాదు. అందుకే ఈసారి ఆ చరిత్ర చెప్పుకుందాం. మన దేశానిది కొంచెం, మనం బతుకుతున్న ఈ దేశానిది కొంచెం. చివర్లో మన ఎమ్మెల్యేలను, ఎంపీలను మనం ఏం అడగాలో కూడా చూద్దాం.

పేరు చెప్పని 28 లక్షల మంది

1917 డిసెంబరులో బ్రిటిష్ మంత్రి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు ఆడవాళ్ళ బృందం ఒకటి వెళ్ళి ఆయన్ని కలిసింది. మగవాళ్ళకు ఓటు ఇచ్చే పద్ధతిలోనే మాకూ ఇవ్వండి అని అడిగింది. ఆ బృందాన్ని నడిపించింది మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు. నాలుగేళ్ళ తర్వాత, 1921లో, మద్రాసు శాసనమండలి ఆడవాళ్ళ మీద ఉన్న అడ్డు తీసేసింది. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కదా, అక్కడి ఆడవాళ్ళకూ అది వర్తించింది. కాకపోతే ఆస్తి ఉన్నవాళ్ళకే, పన్ను కట్టేవాళ్ళకే. కూలికి వెళ్ళే అమ్మకు ఓటు లేదు.

అందరికీ ఓటు వచ్చింది రాజ్యాంగంతోనే. 1951–52లో మొదటి సాధారణ ఎన్నికలు. 21 ఏళ్ళు నిండితే చాలు, ఆడా మగా తేడా లేదు, చదువు అడగరు, ఆస్తి అడగరు. జాబితా రాసేవాళ్ళు ఇంటింటికీ తిరిగారు. ఉత్తరాదిలో చాలా ఇళ్ళల్లో ఒక చిక్కు వచ్చిపడింది. బయటి మగవాడికి ఆడవాళ్ళ పేరు చెప్పకూడదట. "ఫలానా ఆయన భార్య", "ఫలానా అతని తల్లి" అని రాయించారు.

అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. ఆ రాతలు చెల్లవు, మనిషి సొంత పేరు రాయాల్సిందే అని కమిషన్ పట్టుబట్టింది. అయినా చెప్పనివాళ్ళను జాబితాలోంచి తీసేశారు. దేశం మొత్తంలో దాదాపు 8 కోట్ల మంది ఆడ ఓటర్లుంటే, అలా పోయినవాళ్ళు దాదాపు 28 లక్షలు. బిహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్‌లలోనే ఎక్కువ.

ఇది విని మనం నవ్వుకోవచ్చు. కానీ సుకుమార్ సేన్ పట్టుదల వెనక ఉన్న విషయం చూడండి. ఓటు ఇంటిది కాదు, మొగుడిది కాదు, మనిషిది. మనిషికి పేరుండాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మనం చూస్తుండగానే మారిన దేశం

ఇక కువైట్ సంగతి. 1962లో వచ్చిన ఇక్కడి ఎన్నికల చట్టం 35వ నంబరుది. అందులో మొదటి నిబంధనే ఓటు మగవాళ్ళకు మాత్రమే అని. కువైటీ ఆడవాళ్ళు 1971 నుంచే అర్జీలు పెడుతూ వచ్చారు. 1999 మేలో అమీర్ షేక్ జాబర్ ఆడవాళ్ళకు ఓటు ఇస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆ నవంబరులో పార్లమెంటు దాన్ని తోసిపుచ్చింది. అదే విషయం మీద సభ్యులు పెట్టిన బిల్లు కూడా రెండే రెండు ఓట్లతో వీగిపోయింది.

తర్వాత వాళ్ళు ఏం చేశారో వినండి. 2000 ఫిబ్రవరిలో, ఓటర్ల నమోదు జరిగే రోజుల్లో, కొంతమంది ఆడవాళ్ళు నమోదు కేంద్రాలకు వెళ్ళి మా పేరు రాయండి అని నిలబడ్డారు. రాయలేదు. ఆ నిరాకరణనే పట్టుకుని కోర్టుకెళ్ళారు. కోర్టులోనూ ఓడిపోయారు. 2005లో లేత నీలం రంగు వేసుకుని పార్లమెంటు ముందు నిలబడ్డారు. 2005 మే 16న ఓటింగు జరిగింది. అనుకూలం 35, వ్యతిరేకం 23. చట్టం మారింది.

2006 ఏప్రిల్‌లో ఒక మున్సిపల్ ఉపఎన్నికలో మొదటిసారి ఓటు వేశారు, అదే ఏడాది జూన్‌లో పార్లమెంటుకు వేశారు. ఆ ఎన్నికల్లో ఆడవాళ్ళు పోటీ చేశారు కానీ ఒక్కరూ గెలవలేదు. 2008లోనూ గెలవలేదు. 2009 మే 16న, చట్టం మారిన రోజుకు సరిగ్గా నాలుగేళ్ళకు, నలుగురు గెలిచారు: మాసూమా అల్ ముబారక్, అసీల్ అల్ అవధీ, రోలా దష్తీ, సల్వా అల్ జస్సార్. ఆ రోజుల్లో ఇక్కడే ఉన్నవాళ్ళు మనలో ఎందరో. ఇక్కడి రాజకీయం మనది కాదు, దాని జోలికి మనం పోము. ఆ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిన పని ఒకటే: జాబితా ముందు నిలబడి నా పేరు రాయి అని అడగడం.

మన సంగతికొస్తే

మన ప్రజాప్రాతినిధ్య చట్టం 1950 నాటిది. ఆ చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివాసం ఉంటారో అక్కడే ఓటు. బతుకుతెరువు కోసం దేశం దాటినవాళ్ళం ఆ లెక్కలో ఎక్కడా లేకుండా పోయాం. అరవై ఏళ్ళు అంతే. రాయచోటి, రాజంపేట వైపు నుంచి, కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి ఎన్ని విమానాలు నిండి వచ్చినా, పంపిన డబ్బుతో ఊళ్ళో ఎన్ని ఇళ్ళు లేచినా, ఓటు మాత్రం లేదు.

2010లో పార్లమెంటు ఆ చట్టంలో 20ఏ అనే కొత్త సెక్షన్ చేర్చింది. 2011 ఫిబ్రవరి 10 నుంచి అమలు. మన దేశ పౌరసత్వం వదులుకోకుండా బయట ఉంటున్నవాళ్ళు, పాస్‌పోర్టులో ఉన్న ఊరి అడ్రసు మీద ఓటరుగా నమోదు కావచ్చు. మంచిదే. కానీ ఓటు వేయాలంటే పోలింగు రోజున ఆ బూత్‌కే స్వయంగా రావాలి, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి.

ఇది మనలో ఎవరికి కుదురుతుంది? ఇళ్ళల్లో పనిచేసే మన చెల్లెలికి రెండేళ్ళకోసారి సెలవు. పాస్‌పోర్టు చాలామందికి కఫీల్ బీరువాలో ఉంటుంది. ఇంటి పనివాళ్ళ పత్రాలు యజమాని దగ్గర పెట్టుకోకూడదని 2015లో ఇక్కడ వచ్చిన 68వ నంబరు చట్టం చెబుతున్నా సరే. నర్సులకు డ్యూటీ చార్టు ముందే పడిపోతుంది. ఎన్నికలున్నాయి సెలవివ్వండి అంటే వింతగా చూస్తారు. ఇంటిని చూసుకునేవాళ్ళకు పిల్లల స్కూలు, టిక్కెట్టు ధర.

అంకెలే చెబుతున్నాయి. 2024 లోక్‌సభ ఎన్నికలకు ప్రపంచం మొత్తం మీద సుమారు 1 లక్షా 19 వేల మంది ప్రవాసులు నమోదయ్యారు. వచ్చి వేసింది 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవాళ్ళే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 8 వేల పేర్లుంటే, బూత్ దాకా వచ్చింది 195 మంది. ఒక్క కువైట్‌లోనే భారతీయులు దాదాపు పది లక్షల మంది ఉన్నామని గుర్తుంచుకుని ఈ అంకెలు మళ్ళీ చదవండి.

వేరేవాళ్ళ చేతికి ఇవ్వమంటే?

దీనికి విరుగుడుగా 2017లో ఒక బిల్లు వచ్చింది. 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది కూడా. మన తరఫున ఊళ్ళో ఇంకొకరు ఓటు వేయవచ్చు, అంటే ప్రాక్సీ ఓటు. రాజ్యసభలో ఆమోదం పొందకుండానే 2019లో ఆ లోక్‌సభతో పాటు బిల్లూ పోయింది. 2020లో ఎన్నికల సంఘం ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వడానికి సిద్ధమని కేంద్రానికి రాసింది. అది ఇంకా మన దాకా రాలేదు.

ప్రాక్సీ అంటే చాలామంది సంబరపడ్డారు. నాకు మాత్రం 1951 నాటి ఆ 28 లక్షల మందే గుర్తొచ్చారు. మన ఓటు ఊళ్ళో ఎవరు వేస్తారు? మొగుడో, మామగారో, అన్నో. మనం చెప్పిన గుర్తుకే వేశారని ఎలా తెలుస్తుంది? అడిగితే ఇంట్లో గొడవ. "ఫలానా ఆయన భార్య" అని రాయడానికి ఆనాడు కమిషన్ ఒప్పుకోలేదు. ప్రాక్సీ వస్తే జాబితాలో పేరు మనదే ఉంటుంది, సిరా అంటే వేలు మాత్రం ఇంకొకరిది. ఇంట్లోవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, కానీ రహస్య ఓటు అంటే మంచివాళ్ళకు కూడా తెలియని ఓటు.

పోస్టల్ బ్యాలెట్‌లోనూ చిక్కులున్నాయి. ప్రింటు తీయాలి, సంతకాలు కావాలి, పోస్టులో పంపాలి. పనిచేసే ఇంట్లో వంటగది పక్కన పడుకునే మన చెల్లికి ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

మరి దారేది? మా వార్డులో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిలను చూడండి. వాళ్ళ దేశం 1987 రాజ్యాంగంలోనే బయట ఉన్నవాళ్ళ ఓటుకు ఏర్పాటు చేయాలని రాసుకుంది. చట్టం మాత్రం 2003లో వచ్చింది. మధ్యలో పదహారేళ్ళు బయట పనిచేసేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. 2004 నుంచి ఎంబసీల ద్వారా ఓటు వేస్తున్నారు. ఒక్క రోజు కాదు, నెల రోజుల గడువు ఉంటుంది, సెలవు దొరికిన రోజు వెళ్ళి వేసి రావచ్చు. 2025లో చాలా దేశాల్లో ఉన్నవాళ్ళకు ఆన్‌లైన్ ఓటు కూడా ఇచ్చారు. మనలాంటి జీతాలే, మనలాంటి డ్యూటీలే.

మన నాయకులను అడగాల్సినవి

అసెంబ్లీకి, లోక్‌సభకు ఓటు ఎలా వేయాలన్నది పార్లమెంటు చేతిలో ఉంది. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల చట్టం రాష్ట్ర శాసనసభ చేతిలో ఉంది. కాబట్టి అమరావతికీ హైదరాబాదుకూ మనం రాయాల్సింది ఉంది.

ఒకటి, కేరళ తన పంచాయతీ చట్టంలో ప్రవాసుల నమోదుకు విడిగా చోటు కల్పించింది. మన రెండు రాష్ట్రాల చట్టాల్లోనూ అలాంటి స్పష్టమైన మాట ఉండాలి. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళకిస్తూ 2011లోనే ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేశారు. పోటీకి సగం సీట్లు ఇచ్చినవాళ్ళు బయట ఉన్న ఆడవాళ్ళ ఓటు గురించీ ఆలోచించాలి.

రెండు, ప్రవాసులు ఎంబసీలోనే రహస్యంగా ఓటు వేసే ఏర్పాటు చేయమని పార్లమెంటును కోరుతూ శాసనసభలో తీర్మానం చేయాలి. ప్రాక్సీ వద్దని అందులో స్పష్టంగా రాయాలి.

మూడు, మనకు తెలియకుండా పేరు తీసేయకూడదు. తీసేసే ముందు నోటీసు ఇవ్వాలని నిబంధన ఉంది, కానీ ఆ నోటీసు ఊళ్ళో తాళం వేసిన ఇంటికి వెళ్తుంది. 2025లో బిహార్ జాబితాను సవరించినప్పుడు ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేవు. అందులో సగానికి పైగా వలసపోయారనో, ఇంట్లో కనబడలేదనో పోయినవే. ప్రవాస ఓటరుకు ఫోనుకు, మెయిలుకు కబురు రావాలి.

ఒక జాగ్రత్త. ఇక్కడ గుమిగూడడం, ఊరేగింపులు మనకు వద్దు. ఈ దేశ చట్టం విదేశీయులకు అవి ఒప్పుకోదు. మనకు ఉత్తరం చాలు. ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా సరే, మీ పేరుతో, మీ ఊరి పేరుతో నాలుగు ముక్కలు రాయండి. ఊళ్ళో ఉన్న అమ్మతో, ఆడపడుచుతో ఇంకో ఉత్తరం రాయించండి. ఓటున్న మనిషి మాట నాయకులు త్వరగా వింటారు.

ముందు మన పేరు

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. ప్రవాసుల దరఖాస్తు పేరు ఫారం 6ఏ. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో నింపవచ్చు. ఫొటో, పాస్‌పోర్టులో మీ ఫొటో, అడ్రసు ఉన్న పేజీలు, చెల్లుబాటులో ఉన్న వీసా కాపీ కావాలి. తర్వాత ఊళ్ళో బీఎల్వో మీ ఇంటికొచ్చి విచారిస్తారు, ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. మామూలు ఓటరు కార్డు ఇప్పటికే ఉంటే ఆ విషయం దాచొద్దు, రెండుచోట్ల పేరు ఉండకూడదు. శాశ్వతంగా తిరిగి వెళ్ళిపోయాక ఫారం 6తో మామూలు జాబితాలోకి మారాలి.

పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉన్నవాళ్ళు కనీసం దాని పేజీల ఫొటోలు ఫోనులో దాచుకోండి. ఫారం నింపడం రాని చెల్లికి, వచ్చినవాళ్ళు వచ్చే శుక్రవారం పక్కన కూర్చుని నింపిపెట్టండి. పేరు మాత్రం ఆమె నోటితోనే అడిగి రాయండి.