హనుమ విహారి - ఆంధ్ర క్రికెట్ సంఘం వివాదం

హనుమ విహారి - ఆంధ్ర క్రికెట్ సంఘం వివాదం 2024 ఫిబ్రవరి 26న బయటపడిన ఒక క్రీడా వివాదము. భారత టెస్టు క్రికెటరు, ఘటన జరిగినప్పుడు ఆంధ్ర రంజీ జట్టు నాయకుడు అయిన హనుమ విహారి తన జట్టులోని ఒక యువ ఆటగాడిని అందరి ఎదుట దుర్భాషలాడాడన్నది అతనిపై వచ్చిన ఆరోపణ. తాను అరిచిన మాట నిజమే గాని వ్యక్తిగతంగా ఏమీ అనలేదనీ, ఆ ఆటగాడి తండ్రి రాజకీయ నాయకుడు కావడం వల్లనే తనను నాయకత్వం నుంచి తప్పుకొమ్మన్నారనీ విహారి వాదన. ఆ తండ్రి తిరుపతి నగరపాలక సంస్థలో అప్పటి అధికార పక్షానికి చెందిన కార్పొరేటరు. ఈ కారణంగా విశాఖపట్నం మైదానంలో మొదలైన ఈ గొడవ తిరుపతి వరకు ప్రాకింది. క్రీడాభిమానులు రెండు వర్గాలై వాదించుకున్నారు. ఎన్నికలకు రెండున్నర నెలల ముందు జరగడంతో రాజకీయ పక్షాలు కూడా ఇందులో ప్రవేశించాయి.

ఫిర్యాదు చేసిన ఆటగాడి పేరు పత్రికలలో వచ్చింది, అతడు తనంతట తానే బయటికి వచ్చి మాట్లాడాడు కూడా. అయితే జరిగినది అర్థం చేసుకోవడానికి ఆ పేరు అవసరం లేదు కాబట్టి ఈ వ్యాసంలో ఇవ్వలేదు.

విహారి క్రీడాజీవితం

అభిమానులు విహారి పక్షాన అంత గట్టిగా నిలబడడానికి కారణం తెలియాలంటే అతని గతం కొంత తెలియాలి. విహారి 1993 అక్టోబరు 13న కాకినాడలో జన్మించాడు. 2012లో అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో సభ్యుడు. దేశవాళీ క్రికెట్‌ను హైదరాబాదు తరఫున ప్రారంభించి, తరువాత ఆంధ్రకు మారాడు. 2017లో ఒడిషాపై 302 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. 2018 సెప్టెంబరులో ఇంగ్లాండుపై ఓవల్ మైదానంలో తొలి టెస్టు ఆడాడు. మొత్తం 16 టెస్టులలో 839 పరుగులు చేశాడు. ఏకైక శతకం 2019లో వెస్ట్ ఇండీస్‌పై జమైకాలో చేసిన 111.

అంకెలు చూస్తే ఇది గొప్ప రికార్డేమీ కాదు. కాని 2021 జనవరి 11న సిడ్నీలో జరిగినది అంకెలకు లొంగేది కాదు. తొడ కండరం చిట్లి పరుగెత్తలేని స్థితిలో ఉన్న విహారి 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అవతలి వైపు నడుము నొప్పితో బాధపడుతున్న రవిచంద్రన్ అశ్విన్ 128 బంతులాడి 39 పరుగులు చేశాడు. ఇద్దరూ కలిసి ఓడిపోవలసిన టెస్టును కాపాడారు. రెండేళ్ళ తరువాత ఇండోరులో మధ్య ప్రదేశ్‌తో జరిగిన రంజీ క్వార్టర్ ఫైనల్లో బంతి తగిలి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్ అయిన విహారి విరిగిన చేతిని కాపాడుకుంటూ ఎడమచేతి వాటంగా నిలబడి, చాలావరకు ఒంటి చేత్తోనే ఆడాడు. రెండు ఇన్నింగ్సులలోనూ అలాగే దిగాడు. ఆంధ్ర ఓడిపోయింది గాని ఆ దృశ్యాన్ని చూసినవారు మరచిపోలేదు.

బెంగాల్‌తో ఆట

2023-24 రంజీ సీజనులో ఆంధ్ర తొలి ఆట బెంగాల్‌తో 2024 జనవరి 5 నుంచి 8 వరకు విశాఖపట్నంలో జరిగింది. బెంగాల్ అంతకుముందు సంవత్సరం ఫైనల్ ఆడిన జట్టు. తొలి ఇన్నింగ్సులో బెంగాల్ 409 పరుగులు చేయగా ఆంధ్ర దానిని దాటి ఆధిక్యం సంపాదించింది. ఆట డ్రా అయింది. ఆ ఆటకు నాయకుడు విహారి. ఆ తరువాత నాయకత్వం రికీ భుయ్ చేతికి వచ్చింది. వ్యక్తిగత కారణాల వల్ల విహారి తప్పుకున్నాడని అప్పట్లో అందరూ అనుకున్నారు. రికీ భుయ్ ఆ సీజనులో 902 పరుగులతో దేశంలోనే అత్యధిక పరుగులు చేసినవాడయ్యాడు. విహారి అతని కింద మామూలు ఆటగాడిగా కొనసాగాడు.

ఏడు వారాలు ఈ విషయం ఎవరికీ తెలియలేదు. ఫిబ్రవరి 26న ఇండోరులో మధ్య ప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్. గెలుపునకు 170 పరుగులు కావలసి ఉండగా ఆంధ్ర 165 వద్ద ఆలౌట్ అయి 4 పరుగుల తేడాతో ఓడిపోయింది. విహారి 55 పరుగులు చేశాడు.

ఫిబ్రవరి 26 నాటి ప్రకటనలు

ఓటమి జరిగిన రోజే విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక సుదీర్ఘమైన ప్రకటన పెట్టాడు. బెంగాల్‌తో ఆటలో 17వ ఆటగాడిపై అరిచాననీ, అతడు తండ్రికి చెప్పుకున్నాడనీ, తండ్రి సంఘంపై ఒత్తిడి తెచ్చాడనీ, తన తప్పు లేకుండానే రాజీనామా చేయమన్నారనీ అందులో రాశాడు. ఆత్మగౌరవం పోగొట్టుకున్న చోట ఇక ఆడబోననీ, ఆంధ్రకు ఇదే తన చివరి ఆట అనీ ప్రకటించాడు.

అదే రోజు ఆ యువ ఆటగాడు సమాధానమిచ్చాడు. అందరూ వెతుకుతున్న మనిషి తానేననీ, విన్నదంతా అబద్ధమనీ, ఆట కంటే ఎవరూ గొప్పవారు కారనీ, వ్యక్తిగత దూషణ, అసభ్యమైన భాష ఎక్కడా అంగీకరించదగినవి కావనీ దాని సారాంశం. ఆత్మగౌరవం అనే మాట అతడూ వాడాడు. ఒకే రోజున ఇద్దరూ ఆ మాటనే ఆధారం చేసుకోవడం గమనింపదగినది.

దానికి ప్రతిగా విహారి జట్టు సభ్యులు సంతకాలు చేసిన ఒక లేఖను బయటపెట్టాడు. విహారి దూకుడుగా ప్రవర్తించలేదనీ, అతడు వాడిన మాటలు ప్రతి జట్టులోనూ ఎప్పటినుంచో వాడుకలో ఉన్నవేననీ, ఒకరు మాత్రం దానిని వ్యక్తిగతంగా తీసుకున్నారనీ, విహారినే నాయకుడిగా కొనసాగించాలనీ అందులో కోరారు. ఈ లేఖను విహారికి అనుకూలమైన సాక్ష్యంగానే చాలామంది చదివారు. నిదానంగా చదివితే, ఆ మాటలు అన్నాడని కూడా అదే లేఖ ఒప్పుకుంటున్నది.

ఆంధ్ర క్రికెట్ సంఘం కూడా ప్రకటన విడుదల చేసింది. బెంగాల్‌తో ఆట సందర్భంగా విహారి ఒక ఆటగాడిని అందరి ముందు వ్యక్తిగతంగా దూషించినట్లు తెలిసిందనీ, బాధితుడు అధికారికంగా ఫిర్యాదు చేశాడనీ, ఇతర ఆటగాళ్ళ నుంచి, సహాయక సిబ్బంది నుంచి కూడా ఫిర్యాదులున్నాయనీ, సమగ్రంగా విచారిస్తామనీ తెలిపింది. అయితే నాయకుని మార్పునకు కారణం ఈ ఫిర్యాదు కాదన్నది. విహారి భారత జట్టుకు ఎంపికయ్యే అవకాశం ఉన్నందున సీజను మొత్తానికి అందుబాటులో ఉండే నాయకుడు కావాలని సెలక్షన్ కమిటీ సూచించిందనీ, విహారి అందుకు సమ్మతించాడనీ చెప్పింది.

ఈ ప్రకటనలో ఒక చిక్కు ఉన్నది. దుర్భాష తీవ్రమైనదే అయితే నాయకత్వం తీసివేయడానికి అదే తగిన కారణం. కారణం అది కాకపోతే ఆ ఫిర్యాదుపై ఏడు వారాలు ఏమి చేశారన్న ప్రశ్న మిగులుతుంది.

క్రీడాభిమానుల వాదోపవాదాలు

విహారిని సమర్థించినవారు ముఖ్యంగా అతని త్యాగాన్ని ముందుంచారు. విరిగిన చేత్తో రాష్ట్రం కోసం ఆడినవాడికీ, తుది జట్టులో చోటు లేని 17వ ఆటగాడికీ పోలిక ఏమిటని అడిగారు. నాయకుడు మైదానంలో కేకలు వేయకుండా జట్టును నడపడం సాధ్యం కాదన్నారు. ఒక కార్పొరేటరు తలచుకుంటే టెస్టు క్రికెటరు పదవి పోతే, పలుకుబడి లేని ఇంటి పిల్లల గతి ఏమిటని ప్రశ్నించారు. ఈ చివరి ప్రశ్న బలమైనది. తిరుపతి, చిత్తూరు వంటి పట్టణాల నుంచి రాష్ట్ర జట్టుకు చేరడమంటే అండర్-14 మొదలుకొని జిల్లా ఎంపికలు, సౌత్ జోన్ ఎంపికలు దాటుకుంటూ పోవాలి. ప్రతి మెట్టులోనూ సిఫారసు అనే అనుమానం తల్లిదండ్రులను వెంటాడుతూనే ఉంటుంది.

రెండవ వర్గం వారు తక్కువమంది. ఎంత గొప్ప ఆటగాడైనా తోటివానిని అందరి ముందు బూతులు తిట్టే హక్కు లేదనీ, సంతకాలు ఎక్కువ ఉన్నంత మాత్రాన ఒక్కడి బాధ అబద్ధం కాదనీ వారి వాదన. 17వ ఆటగాడు అన్న పిలుపులోనే చులకన ఉన్నదని కూడా అన్నారు. నాయకుడి మాటపై తన అవకాశం ఆధారపడి ఉన్న కుర్రవాడు నేరుగా ఎదురు చెప్పలేడు. ఇంట్లో చెప్పుకుంటాడు. తండ్రి రాజకీయ నాయకుడు కాకుండా గుమాస్తా అయి ఉంటే ఆ చెప్పుకోవడం ఎవరికీ తప్పుగా తోచేది కాదు. అలాగే ఆ ఫిర్యాదును సంఘంలో ఎవరూ వినేవారు కారేమో అన్నది విహారి పక్షం వారి ఎదురు జవాబు. ఈ రెండూ నిజం కావచ్చు.

నిజానికి ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఆ రోజు పలికిన మాటలు హద్దు మీరాయా అన్నది ఒకటి. నాయకుని మార్చిన పద్ధతి న్యాయమైనదా అన్నది రెండవది. మొదటిదానికి అవునని చెప్పినవాడు రెండవదానికి కాదని చెప్పవచ్చు. అభిమానులు మాత్రం రెండింటినీ కలిపివేసి, ఒక మనిషిని ఎంచుకొని, అతని వైపు నుంచే రెండింటికీ సమాధానం చెప్పారు.

అరవడం, దూషించడం

వివాదమంతా ఒక మాట చుట్టూ తిరిగింది. విహారి తాను అరిచానన్నాడు. సంఘం దూషించాడన్నది. తెలుగులో కసరడం, గద్దించడం, కోప్పడడం, తిట్టడం, దూషించడం వేరువేరు. చిత్తూరు ప్రాంతంలో "మా నాయన అరిచినాడు" అంటే కోప్పడినాడనే గాని అవమానించాడని కాదు. తిట్టులో పడినవాడి పుట్టుకను, తల్లిని, కులాన్ని, రంగును, శరీరాన్ని తాకితే అది కోపం పరిధి దాటినట్లే. పాఠశాలలో పనిచేసినవారికి ఈ తేడా బాగా తెలుసు. పాఠం చదవలేదని కేకలు వేసిన ఉపాధ్యాయుని పిల్లవాడు మరచిపోతాడు. నలుగురిలో ఇంటి సంగతి ఎత్తినవానిని ముప్పై ఏళ్ళ తరువాత కూడా గుర్తుపెట్టుకుంటాడు.

అంతర్జాతీయ క్రికెట్ మండలి ప్రవర్తనా నియమావళి ఆటగాళ్ళను, అంపైర్లను వ్యక్తిగతంగా దూషించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. ఆచరణలో ఇటువంటి నియమాలను ఎక్కువగా ప్రత్యర్థులపై, అంపైర్లపై పలికిన మాటలకే వర్తింపజేస్తారు. 2008 సిడ్నీ టెస్టులో ఆండ్రూ సైమండ్స్‌ను జాతిపరంగా దూషించాడని హర్భజన్ సింగ్‌పై మూడు టెస్టుల నిషేధం విధించగా, అప్పీలులో న్యాయమూర్తి జాన్ హాన్సన్ దానిని తొలగించి, దూషణ మాత్రమే రుజువైనట్లు భావించి సగం మ్యాచ్ ఫీజు జరిమానా వేశాడు. అక్కడ ఫిర్యాదు చేసేవాడికి ఒక జట్టు అండ ఉన్నది. సొంత జట్టులోనే మాట పడ్డవాడికి ఆ అండ ఉండదు.

డ్రెస్సింగ్ రూమ్‌లో ఇవి మామూలే అన్న వాదనకు హైదరాబాదుకు సంబంధించిన ఒక ఉదాహరణ ఉన్నది. 2013, 2014 సంవత్సరాలలో సన్ రైజర్స్ హైదరాబాద్ తరఫున ఆడిన వెస్ట్ ఇండీస్ మాజీ నాయకుడు డారెన్ సామీ, అప్పట్లో సహచరులు తనను పిలిచిన పేరు తన నల్లని రంగును సూచించేదని 2020లో తెలుసుకొని బాధపడ్డాడు. ఆడుతున్న రోజుల్లో అది ప్రోత్సాహకరమైన మాట అనుకున్నాడు. ఒక సహచరుడు మాట్లాడి, అభిమానంతోనే అలా పిలిచామని చెప్పిన తరువాత తృప్తి చెందానని తెలిపాడు. అన్నవారికి మామూలైనది, పడ్డవారికి మామూలు కాకపోవచ్చుననడానికి ఇది నిదర్శనం. విహారి విషయంలో అటువంటి సంభాషణ జరగడానికి ముందే విషయం అధికారుల వద్దకు, అక్కడినుంచి ప్రజలలోకి వెళ్ళిపోయింది.

రాజకీయాల ప్రవేశం

తిరుపతి పురపాలక సంఘం 2007లో నగరపాలక సంస్థ అయినది. దానికి తొలి ఎన్నికలు 2021 మార్చిలో జరుగగా వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ దాదాపు అన్ని డివిజన్లనూ గెలుచుకున్నది. సంఘం అప్పటి అధ్యక్షుడు పి. శరత్ చంద్రా రెడ్డి కుటుంబానికి ఆ పార్టీ అప్పటి పార్లమెంటు సభ్యుడు విజయసాయి రెడ్డితో వియ్యం ఉన్నది. ఈ రెండు సంగతులూ కలిసి విహారి ఆరోపణకు బలం చేకూర్చాయి. చంద్రబాబు నాయుడు, నారా లోకేశ్, పవన్ కళ్యాణ్, షర్మిల వెంటనే విహారికి మద్దతు పలికారు.

జస్టిస్ లోధా కమిటీ సిఫారసులను సుప్రీం కోర్టు 2016 జూలైలో ఆమోదించింది. వాటి ప్రకారం మంత్రులు, ప్రభుత్వోద్యోగులు క్రికెట్ సంఘాల పదవులలో ఉండరాదు. ఫిర్యాదుల కోసం స్వతంత్రుడైన అంబుడ్స్‌మన్ ఉండాలి. పదవిలో లేకుండా వెలుపలి నుంచి నడిచే పలుకుబడిని అడ్డుకొనే నియమం మాత్రం ఏదీ లేదు. 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం రిటైరైన ఆటగాళ్ళకు మాత్రమే. ప్రస్తుతం ఆడుతున్న దేశవాళీ ఆటగాళ్ళకు తమ తరఫున మాట్లాడే సంఘం లేకపోవడం వల్ల విహారి గాని, ఆ కుర్రవాడు గాని తమ మొర నేరుగా ప్రజలకే వినిపించుకోవలసి వచ్చింది.

తరువాతి పరిణామాలు

2024 మార్చిలో సంఘం విహారికి షోకాజ్ నోటీసు ఇచ్చింది. విహారి సమాధానమిస్తూ వేరే రాష్ట్రానికి ఆడేందుకు నిరభ్యంతర పత్రం కోరాడు. రెండు నెలలుగా అడుగుతున్నా రాని ఆ పత్రం జూన్ 4న ఎన్నికల ఫలితాలు వెలువడి ప్రభుత్వం మారడం ఖాయమైన వెంటనే వచ్చిందని అతడే తెలియజేశాడు. జూన్ 25న మంత్రి నారా లోకేశ్‌ను కలిసిన తరువాత ఆంధ్రకే ఆడతానని ప్రకటించాడు. రాజకీయ నాయకుని వల్ల పోయిన స్థానం రాజకీయ నాయకుని చేత తిరిగి వచ్చిందని అప్పుడు కొందరు అభిమానులు వ్యాఖ్యానించారు.

2024 ఆగస్టులో సంఘం కార్యవర్గం రాజీనామా చేసింది. సెప్టెంబరులో తెలుగుదేశం పార్టీకి చెందిన విజయవాడ పార్లమెంటు సభ్యుడు కేశినేని శివనాథ్ అధ్యక్షుడయ్యాడు. విహారి 2025-26 సీజనుకు ఆంధ్రను వదలి త్రిపుర జట్టులో చేరాడు.